మధ్యలో ఇచ్చే ఆర్డర్లే మాకు తీర్పులు: సరిహద్దు జిల్లాల సివిల్ జడ్జీలకు బహిరంగ లేఖ

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల సివిల్ కోర్టుల్లో కూర్చునే జడ్జిగార్లందరికీ నమస్కారం.

నేనొక ప్లీడరు గుమాస్తాని. పర్లాకిమిడి దగ్గర తెలుగింట్లో పుట్టి, ఒడియా బడిలో చదువుకుని, కోర్టు వరండాల్లోనే జుట్టు నెరిసినవాణ్ణి. మా ప్లీడరుగారి దగ్గరకొచ్చే పార్టీల్లో చాలామంది తెలుగువాళ్లు. ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు, ఇంగ్లీషు అసలే రాదు. ఆర్డరు కాపీ చేతికి రాగానే నా బల్ల దగ్గరకొచ్చి నిలబడతారు. "బాబూ, ఏటి రాశారు? ఎందుకలాగ ఇచ్చారు?" అని అడుగుతారు. ఏం రాశారో చదివి చెప్పగలను. ఎందుకిచ్చారో మాత్రం చాలాసార్లు చెప్పలేను, ఆ కాగితంలో అది ఉండదు కాబట్టి. ఈ ఉత్తరం దాని గురించే. నడుస్తున్న ఏ కేసు గురించీ కాదు, ఎవరో గెలవాలనీ కాదు, ఫలానా కోర్టు మీద ఫిర్యాదు అంతకన్నా కాదు.

అసలు దావా తీర్పుల గురించి మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను మాట్లాడేది మధ్యలో పడే పిటిషన్ల గురించి, అంటే మనం ఐ.ఏ. అనేవాటి గురించి. ఇంజంక్షన్ (అవతలివాణ్ణి ఫలానా పని చేయకుండా ఆపే ఆర్డరు) ఇమ్మని ఒకటి, ప్లెయింటే (వాది వేసిన దావా కాగితమే) కొట్టేయమని ఒకటి, ప్లెయింట్ సవరించుకోనివ్వమని, స్థలం చూడ్డానికి కమిషనర్‌ని వేయమని, చనిపోయినవాళ్ల వారసుల్ని చేర్చమని ఇంకోటి. చట్టం దృష్టిలో ఇవి దారిలో వచ్చే చిన్న మజిలీలు. మా జనానికి ఇవే దావా. ఎందుకంటే ఇంజంక్షన్ దొరికినవాడు పొలంలో ఉంటాడు, దొరకనివాడు గట్టు మీద ఉంటాడు, అసలు తీర్పు వచ్చేసరికి ఇద్దరిలో ఒకరు రాజీకి వచ్చేసో, అయినకాడికి అమ్ముకునో, కాలం చేసో ఉంటారు. ఏళ్ల తర్వాత రాబోయే నలభై పేజీల జడ్జిమెంటు కన్నా, ఈ వేళ ఆర్డర్ షీటు మీద మీరు రాసే నాలుగు వాక్యాలు మా వాళ్ల బతుకుని ఎక్కువ మారుస్తాయి. కాబట్టి ఆ నాలుగు వాక్యాల్నీ తీర్పు రాసినట్టే రాయమని అడుగుతున్నాను.

తాత్కాలిక ఇంజంక్షన్‌కి మూడు సంగతులు చూడాలని అందరికీ తెలుసు. పైకి చూడగానే కేసుందా, ఇవ్వకపోతే పూడ్చలేని నష్టం ఉందా, ఇస్తే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ. దల్పత్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మూడింటినీ విడమర్చి చెప్పింది, ప్రతి ఇంజంక్షన్ వాదనలోనూ ఆ పేరు వినపడుతుంది. కానీ ఆర్డరులోకి వచ్చేసరికి అది, "వాదికి ప్రైమా ఫేసీ కేసు ఉంది, బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియెన్స్ వాది వైపే ఉంది, పూడ్చలేని నష్టం జరుగుతుంది, కాబట్టి పిటిషన్ అలోడ్" అని ఒక్క వాక్యం అయిపోతుంది. పేర్లూ ప్లాటు నంబరూ మారిస్తే ఆ వాక్యం ఏ కేసుకైనా సరిపోతుంది. ఏ కేసుకైనా సరిపోయేది ఈ కేసుకి కారణం ఎలా అవుతుంది? చట్టంలోని మూడు ప్రశ్నల్నే తిప్పి జవాబుగా రాస్తే, ఓడినవాడికి తన కాగితాలు చదివారో లేదో కూడా తెలీదు.

కారణం అంటే పెద్ద వ్యాసం అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు: వాది చూపించిన పాత దస్తావేజులో పడమటి హద్దు బండిదారి అని ఉంది, ప్రతివాది చూపించిన ఆర్.ఓ.ఆర్.లో (భూమి హక్కుల రికార్డులో) ఆ దారి అతని ప్లాటులో కలిసిపోయి ఉంది, రెండింటిలో ఏది నిజమో సాక్షుల్ని విచారిస్తే గానీ తేలదు, అప్పటిదాకా దారి మూసేస్తే వాది పొలంలోకి ట్రాక్టరు పోదు, పంట పోతుంది, తెరిచి ఉంచితే ప్రతివాదికి రెండు డెసిమళ్ల (సెంట్ల) వాడకం తప్ప పోయేదేమీ లేదు, కాబట్టి దావా తేలేదాకా దారి మూయకూడదు. అంతే. అరపేజీ కూడా కాదు. ఇది చదివి వినిపిస్తే మా పార్టీ ఓడినా బాధపడతాడు గానీ గందరగోళపడడు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 43 (విడిగా చెప్పనిచోట ఈ ఉత్తరంలోని ఆర్డర్, రూల్, సెక్షన్ నంబర్లు ఆ కోడ్‌వే) కింద అప్పీలుకెళ్లాలా వద్దా అన్నది కూడా తేల్చుకోగలడు, ఎక్కడ తప్పుందని వాదించాలో కనపడుతుంది కాబట్టి. కారణం లేని ఆర్డరు మీద అప్పీలంటే పై కోర్టు మొత్తం మొదటినుంచి చదవాలి, లేదా మళ్లీ మీ దగ్గరికే తిప్పి పంపాలి. ఆ తిప్పి పంపడంలో ఇంకో ఏడాది.

ఇక నోటీసు లేకుండా ఇచ్చే ఎక్స్‌పార్టీ ఆర్డర్ల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి, నా బల్ల దగ్గర ఎక్కువమంది ఏడ్చేది వీటి గురించే.

ఆర్డర్ 39 రూల్ 3 ఏం చెబుతోంది? ఎదుటివాడికి నోటీసిచ్చాకే ఇంజంక్షన్ ఇవ్వాలి. ఆలస్యమైతే అడిగిన ప్రయోజనమే పోతుందనుకున్నప్పుడు మాత్రం నోటీసు లేకుండా ఇవ్వచ్చు, కానీ ఎందుకలా అనుకున్నారో రాయాలి. ఇచ్చాక పిటిషనరు ఊరుకోకూడదు, పిటిషన్, అఫిడవిట్, ప్లెయింట్, కాగితాల నకళ్లు వెంటనే ఎదుటివాడికి అందజేయాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, అలా చేశానని ఆ రోజో మర్నాడో అఫిడవిట్ వేయాలి. రూల్ 3ఏ ప్రకారం ఆ ఐ.ఏ.ని 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి, తేల్చలేకపోతే ఎందుకు తేల్చలేకపోయారో రాయాలి. 1993లో శివకుమార్ చడ్డా కేసులో సుప్రీంకోర్టు ఆ కారణం రాయడం లాంఛనం కాదని తేల్చి చెప్పింది. 2000లో వెంకటసుబ్బయ్య నాయుడు కేసులో, 30 రోజులు దాటినా తేల్చకపోతే నష్టపోయినవాడు నేరుగా అప్పీలుకెళ్లొచ్చని కూడా చెప్పింది. మీకు తెలియని విషయాలు కావివి. అయినా ఎందుకు రాస్తున్నానంటే, కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్న రూలు మా వరండా దాకా వచ్చేసరికి ఎలా అయిపోతోందో మీకు బెంచి మీదనుంచి కనపడకపోవచ్చు.

ఒకాయన సంగతి చెబుతాను, ఊరూ పేరూ కోర్టూ వద్దు. సొంత స్థలంలో ఇల్లు మొదలుపెట్టాడు. పునాది అయింది, పిల్లర్లకి ఊచలు నిలబెట్టారు, సిమెంటు బస్తాలు దింపించి టార్పాలిన్ కప్పాడు. శుక్రవారం సాయంత్రం అమీనా (కోర్టు నోటీసులు అందజేసే ఉద్యోగి) వచ్చి ఇంజంక్షన్ ఆర్డరు చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నాడు. ఆర్డరులో కారణం ఒక్క ముక్క, "అర్జెన్సీ దృష్ట్యా". ప్లెయింట్ నకలు లేదు, కాగితాల నకళ్లు లేవు, పోస్టులోనూ రాలేదు. అవి పంపామని వేయాల్సిన అఫిడవిట్ కోసం మేం రికార్డు చూస్తే అదీ లేదు. మొదటి వాయిదాకి మా ప్లీడరుగారు కౌంటరూ, సేల్ డీడూ, పన్ను రసీదులూ దాఖలు చేశారు. ఆ రోజు అవతలివాళ్లు టైమ్ అడిగారు. తర్వాతి వాయిదాకి జడ్జిగారు సెలవు. ఆ తర్వాత లాయర్ల పని బంద్. ఆపైన జడ్జిగారు బదిలీ, కొత్తవారు వచ్చేదాకా ఖాళీ. ప్రతిసారీ ఆర్డర్ షీటులో ఒకటే మాట, "ఇంటెరిమ్ ఆర్డర్ టు కంటిన్యూ". రెండు వానాకాలాలు గడిచిపోయాయి. ఊచలు తుప్పు పట్టాయి, సిమెంటు బస్తాల్లోనే రాయైపోయింది, మేస్త్రీ వేరే పని చూసుకుని విశాఖపట్నం వెళ్లిపోయాడు. చివరికి ఐ.ఏ. వాదనకొచ్చిన రోజు అరగంటలో అయిపోయింది. వాదికి స్వాధీనం ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు, ఇంజంక్షన్ రద్దు, అని రాశారు. అది సరైన ఆర్డరే. కానీ ఆ ఆధారం లేదన్న సంగతి మొదటి రోజు ప్లెయింట్ వెనకాల జతచేసిన కాగితాలు తిప్పి చూస్తేనే తెలిసేది.

ఇలాంటివాడికి చట్టం ఏం ఇస్తోంది? సరిపడని ఆధారాలతో అవతలివాడు ఇంజంక్షన్ తెచ్చుకుంటే సెక్షన్ 95 కింద 50,000 రూపాయల దాకా పరిహారం. తప్పుడు దావాకి సెక్షన్ 35ఏ కింద ఇచ్చే ఖర్చులైతే 3,000 రూపాయలు మించకూడదు. ఆ సిమెంటు ఖరీదు కూడా రాదు. 2011లో రామరామేశ్వరీ దేవి కేసులో సుప్రీంకోర్టు ఇదే చూసి, వీలైతే తక్కువ గడువు నోటీసిచ్చి రెండోవాడి మాట విన్నాకే ఇంజంక్షన్ ఇవ్వడం మంచిదనీ, ఎక్స్‌పార్టీగా ఇవ్వాల్సివస్తే దావా ఓడితే జరిగిన నష్టమూ అసలు ఖర్చులూ భరించాలని ఆర్డరులోనే షరతు పెట్టమనీ చెప్పింది. ఆ షరతున్న ఆర్డరు ఒక్కటైనా నా బల్ల మీదకి రాలేదు. అది ఒక్కటి పెట్టడం మొదలుపెడితే, కక్షతో ఇంజంక్షన్లు తెచ్చేవాళ్లు సగం మంది వెనక్కి తగ్గుతారని నా గట్టి నమ్మకం.

అయితే ఎక్స్‌పార్టీ ఆర్డర్లు అసలివ్వద్దని నేననను. దానికి ఎదురు సంగతి కూడా చూశాను. భర్త పోయిన ఒకావిడ, ఇంటికున్న ఒకే సందుకి అడ్డంగా పక్కవాళ్లు గోడ లేపుతుంటే మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చింది. ఆ రోజే పిటిషన్ వేశాం. "ఇష్యూ నోటీస్" అని ఆర్డరైంది. నోటీసు తిరిగొచ్చేసరికి గోడ అయిపోయింది, ప్లాస్టరింగ్ కూడా అయిపోయింది, ఇంక ఆపడానికి ఏమీ లేదని ఐ.ఏ. పోయింది. కట్టిన గోడని మధ్యంతరంగా పడగొట్టించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు, 1990 నాటి దొరాబ్ కావస్‌జీ వార్డెన్ కేసు చెప్పిన ప్రమాణం చాలా పెద్దది. ఆవిడ ఇప్పుడు వెనకింటివాళ్ల దయమీద వాళ్ల పెరట్లోంచి నడుస్తోంది.

ఈ రెండు కేసుల్లోనూ కావలసింది ఒకటే, మొదటి రోజు పది నిమిషాలు కాగితాలు చూడటం. అనుమానంగా ఉంటే ఆ రోజే ఒక కమిషనర్‌ని పంపొచ్చు. ఆర్డర్ 26 రూల్ 9 ఉంది, ఆర్డర్ 39 రూల్ 7 ఉంది. జూనియర్ ప్లీడరు ఒకరు సాయంత్రానికి వెళ్లి, గోడ ఎంత ఎత్తు లేచింది, పునాది పాతదా కొత్తదా, సందు ఎంత వెడల్పు, అక్కడ ఎవరు కాపురమున్నారు అని ఫొటోలతో సహా రిపోర్టిస్తే మూడు రోజుల్లో మీ ముందుంటుంది. ఎవరు అబద్ధం చెబుతున్నారో ఆ ఫొటోలే సగం చెప్పేస్తాయి. తెలిసి తెలిసి అబద్ధం చెప్పి నోటీసు లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకున్నారని తేలితే, రూల్ 4 ప్రకారం దాన్ని తీసేయాల్సిందేనని కూడా ఉంది, తీయకపోతే ఎందుకో రాయాలి.

స్టేటస్‌కో (ఉన్నదున్నట్టు ఉంచమనే ఆర్డరు) గురించి విడిగా చెప్పాలి. ఇద్దరికీ నొప్పి కలగకుండా ఉంటుందని చాలామంది జడ్జిగార్లు "బోత్ పార్టీస్ టు మెయిన్‌టెయిన్ స్టేటస్‌కో" అని రాసేస్తారు. కానీ ఆ రోజుకి ఉన్న స్థితి ఏమిటో రాయరు. ఆర్డరు పట్టుకుని ఇద్దరూ ఠాణాకి వెళ్తారు. నేనే దున్నుతున్నాను కాబట్టి స్టేటస్‌కో నాదేనని ఇద్దరూ అంటారు. ఠాణాలో ఉన్నాయన మీ ఆర్డరు నాలుగుసార్లు చదివి, ఎవరు దున్నుతున్నారో ఇందులో లేదే, కోర్టుకే వెళ్లి తెచ్చుకోండి అంటాడు. ఆయన తప్పు కాదది. ఆ రాత్రి ఊళ్లో కర్రలు లేస్తాయి. సివిల్ కేసు మర్నాటికల్లా క్రిమినల్ కేసైపోతుంది. స్టేటస్‌కో ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ ఈ తేదీన ఈ ప్లాటు ఫలానావారి సాగులో ఉన్నట్టు కాగితాల్ని బట్టి కనపడుతోంది, దున్నడం కోయడం వాళ్లు చేసుకోవచ్చు, కొత్త కట్టడం ఎవరూ కట్టకూడదు, ఎవరికీ అమ్మకూడదు, అని రాయండి. స్వాధీనం ఎవరిదో తేలకపోతే తేలలేదనే రాసి, పంట ఎవరు కోయాలో, డబ్బు ఎక్కడ జమ చేయాలో చెప్పండి.

స్టేటస్‌కో ఎంత దూరం పోగలదో మన ప్రాంతం వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కోరాపుట్ జిల్లా పొట్టంగి వైపున్న కొటియా గ్రామాల మీద, ఆంధ్రప్రదేశ్‌తో హద్దు తగాదాలో, ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకెళ్లింది, అప్పుడే యథాతథ స్థితి ఆర్డరైంది. 2006లో ఆ దావా సాంకేతిక కారణాల మీద ముగిసింది గానీ హద్దు మాత్రం తేలలేదు. 2021లో పంచాయతీ ఎన్నికల గురించి మళ్లీ అదే కోర్టుకి వెళ్లాల్సివచ్చింది. అక్కడివాళ్లకి ఇటునుంచీ అటునుంచీ రేషన్ కార్డులొస్తాయి, ఎవరి మనుషులో మాత్రం తేలదు. రెండు రాష్ట్రాల మధ్య వ్యవహారం కాబట్టి అది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్న రెండెకరాల పొలానికి ఆ గతి పట్టకూడదనే నా ఆరాటం.

ఇప్పుడు మన జిల్లాలకి మాత్రమే ఉన్న ఒక ఇబ్బంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజామూ, కోరాపుట్ వైపు భూములూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. పర్లాకిమిడి ఎస్టేటు, జయపురం ఎస్టేటు కాలం నాటి పట్టాలూ ముచ్చిలికలూ (రైతు రాసిచ్చిన ఒప్పంద పత్రాలు), రిజిస్టరైన అమ్మకం దస్తావేజులూ, అన్నదమ్ముల పారీఖత్తులూ (పంపకం కాగితాలు) చాలామంది ఇళ్లలో తెలుగులోనే ఉన్నాయి. తాతల నాటి రేకుపెట్టెలోంచి తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, మడతల దగ్గర చిరిగిపోకుండా రెండు చేతులతో పట్టుకుని తెస్తారు. ముప్పై ఏళ్లు దాటిన కాగితం, ఉండాల్సిన చోటునుంచి వస్తే దాన్ని నిజమైనదిగా భావించొచ్చని పాత సాక్ష్య చట్టం సెక్షన్ 90 చెప్పేది, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అదే సెక్షన్ 92. చట్టం ఇంత గౌరవమిచ్చిన కాగితాన్ని ఐ.ఏ. దశలో "డాక్యుమెంట్ ఇన్ తెలుగు, ట్రాన్స్‌లేషన్ నాట్ ఫైల్డ్" అని పక్కన పెట్టేస్తే, ఇంక ప్రైమా ఫేసీ కేసు అనేది దేన్ని చూసి తేల్చినట్టు? అవతలివాడి ఆర్.ఓ.ఆర్. ఒడియాలో ఉంది కాబట్టి అది చదివారు, ఇవతలివాడి దస్తావేజు తెలుగులో ఉంది కాబట్టి చదవలేదు. ఇది న్యాయమని ఎవరూ అనలేరు.

అనువాదం తెచ్చుకోమంటే ఎక్కడ తెచ్చుకుంటారు? మొన్నటి తరం పంతుళ్లు కాలం చేశారు. తెలుగొచ్చిన కుర్రాళ్లకి ఆ పాత గొలుసుకట్టు రాత చదవడం రాదు. అనువాదం వేస్తే అవతలివాళ్లు అది తప్పంటారు, దాని మీద మళ్లీ ఒక ఐ.ఏ. నెలలు గడిచిపోతాయి, ఈలోగా ఇంజంక్షన్ కంటిన్యూ. దీనికి నాకు తోచిన మార్గం చెబుతాను. మన కోర్టుల్లో చాలా కేసుల్లో రెండు వైపులా ప్లీడర్లకి తెలుగొచ్చు. ఐ.ఏ. దశకి మొత్తం దస్తావేజు అనువాదం అక్కర్లేదు, ఎవరు ఎవరికి ఎప్పుడిచ్చారు అన్నదీ, నాలుగు హద్దుల పేరా, ఇవి చాలు. "తూర్పు ఊరి గెడ్డ, దక్షిణం మామిడితోపు, పడమర బండిదారి, ఉత్తరం మన గరువు" అన్న ఆ నాలుగు లైన్లూ కోర్టులోనే చదివించి, ఇద్దరు ప్లీడర్లూ ఒప్పుకున్న అర్థంతో ఒక మెమో వేయించుకోండి. ఒప్పుకోని మాట ఉంటే ఆ ఒక్క మాటే అనువాదకుడికి పంపండి. జిల్లా జడ్జిగారు తల్చుకుంటే తెలుగు, ఒడియా రెండూ చదవగల రిటైర్డ్ టీచర్లూ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పాత ఉద్యోగులూ ఎవరున్నారో చూసి ఒక జాబితా పెట్టొచ్చు, పేజీకి ఇంత అని ఫీజు, ఇన్ని రోజుల్లో ఇవ్వాలని గడువు. వ్యావహారిక తెలుగు కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడిన ఊరు పర్లాకిమిడి, అలాంటి చోట తెలుగు కాగితం చదివేవాళ్లు కరువయ్యారని దాన్ని పక్కన పడేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

నంబర్ల సంగతి కూడా ఇక్కడే. దస్తావేజులో మద్రాసు కాలం సర్వే నంబరుంటుంది, తర్వాతి సెటిల్‌మెంట్‌లో మరో నంబరు పడుతుంది, సాబిక్ (పాత) నంబరు ఒకటి, హాల్ (ఇప్పటి) నంబరు ఒకటి. ఏది ఏదైందో తహసీల్ నుంచి కాగితం తెప్పించకుండా ఇంజంక్షన్ షెడ్యూల్లో హాల్ నంబరు రాసేస్తే, అసలు తగాదాలో లేని మూడోవాడి పొలం మీద ఆర్డరు పడిపోతుంది. ఇది జరుగుతోంది, చూశాను.

నోటీసుల గురించి ఒక్క మాట. మా పార్టీల అక్కచెల్లెళ్లు పాతపట్నంలోనో పార్వతీపురంలోనో ఉంటారు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆటోలో వెళ్లి టీ తాగి వచ్చేంత దూరం. కానీ రాష్ట్రం వేరు కాబట్టి సమను ఆ కోర్టుకి వెళ్లి, అక్కడి అమీనాకి వెళ్లి, "డోర్ లాక్డ్" అని తిరిగొచ్చేసరికి మూడు వాయిదాలు. వాది చనిపోతే మరీ ఘోరం. 90 రోజుల్లో వారసుల్ని చేర్చాలి, చేర్చాక ఆ వారసులందరికీ నోటీసులు, అందులో ఒకరు బరంపురం, ఒకరు శ్రీకాకుళం, ఈలోగా ఇంకొకరు పోతారు. ఆర్డర్ 5 రూల్ 9ఏ కింద సమన్లు పార్టీ చేతికే దస్తీగా ఇవ్వొచ్చు, రూల్ 9 కింద కొరియరూ, ఈమెయిలూ కూడా చెల్లుతాయి. అడిగినప్పుడు కాదనకండి, అడగకపోయినా మీరే ఇవ్వండి.

ప్లెయింట్ కొట్టేయమని వేసే ఆర్డర్ 7 రూల్ 11 పిటిషన్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యాయి. రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు) వేయకుండా టైమ్ గడపడానికి వేసేవే చాలా ఉన్నాయని మా ప్లీడర్లకి తెలుసు, మీకూ తెలుసు. 2003 నాటి సలీంభాయి కేసైనా 2020 నాటి దహిబెన్ కేసైనా చెప్పింది ఒకటే, ప్లెయింటులో ఉన్నదీ దాంతో జతచేసిన కాగితాలూ మాత్రమే చూడాలి, ప్రతివాది చెప్పేది చూడకూడదు. అలాగని మాటల గారడీతో లేని హక్కుని ఉన్నట్టు చూపించిన ప్లెయింట్‌ని మొదట్లోనే ఆపమని 1977లో అరివందందం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు చెప్పారు. రెండూ సరైనవే. ఏ కేసు ఎందులోకొస్తుందో తేల్చడమే మీ పని, ఆ తేల్చిన దారి మాకు కనపడాలి. కొట్టేస్తే అది డిక్రీతో సమానం, అప్పీలుంది, మళ్లీ సరిగ్గా దావా వేసుకునే వీలూ ఉంది. కొట్టేయనంటే ప్రతివాది విచారణకి సిద్ధపడాలి. "హెర్డ్, పెరూజ్డ్, రిజెక్టెడ్" అన్న మూడు మాటలతో ఇద్దరికీ ఏమీ బోధపడదు.

దీంట్లోనే మన ఏజెన్సీ భూముల సంగతుంది. రాయగడ, కోరాపుట్ పూర్తిగా షెడ్యూల్డ్ ఏరియా, గజపతిలో కొంత భాగం. ఆదివాసీ భూమి చేతులు మారిందంటే ఆదివాసీ భూములు ఇతరుల చేతికి పోకుండా చేసిన 1956 నాటి రెగ్యులేషన్ 2 అడ్డొస్తుందేమో మొదటి రోజే చూడాలి. ఏళ్ల తరబడి ఇంజంక్షన్ నడిపించి, ఆఖర్న ఈ కోర్టుకి అధికారమే లేదని తేల్చితే ఆ ఏళ్లన్నీ నష్టపోయేది ఎవరో చెప్పనక్కర్లేదు. అలాగే హక్కు మీదే అసలు తగాదా ఉందని ప్లెయింటులోనే తెలిసిపోతున్నా ఉత్త ఇంజంక్షన్ దావాగా నడిపిస్తుంటారు. 2008లో వరంగల్ స్థలాల మీద వచ్చిన అనాతుల సుధాకర్ తీర్పు ఎప్పుడు హక్కు ప్రకటన కూడా అడగాలో ఎంత బాగా చెప్పిందో, తెలుగు ప్లీడర్లందరికీ కంఠతా వచ్చు. ఇంజంక్షన్ ఐ.ఏ. వినేటప్పుడే ఈ లోటు చెప్పేస్తే, విచారణ మొదలవకముందే ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరించుకుంటారు. 2002 సవరణ తర్వాత, విచారణ మొదలయ్యాక అడిగితే శ్రద్ధగా ఉండి కూడా ముందు అడగలేకపోయామని చూపించాలి, అప్పుడు పేదవాడి దావా పోతుంది.

తప్పంతా మీదేనని నేననడం లేదు. ఒక్కో జడ్జిగారి ముందు ఉదయం కాజ్ లిస్టులో ఎన్ని కేసులుంటాయో, సరిపడా స్టెనోలు లేక మీరే రాత్రిళ్లు టైపు చేసుకోవడం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తున్నవాణ్ణి. టైమ్ పిటిషన్లు రాసి మీ బెంచి గుమాస్తాకి అందించేది మా గుమాస్తాలమే, రాయించేది మా ప్లీడర్లే. వాయిదాలు మూడు మించకూడదని ఆర్డర్ 17 చెబుతున్నా అడుగుతూనే ఉంటాం, మీరు ఖర్చులు వేసి కాదనాలి. వేయండి. వంద రూపాయలు కాదు, అవతలివాడి బస్సు ఛార్జీ, రోజు కూలీ, ప్లీడరు ఫీజు వచ్చేంత వేయండి.

ఇంకోటి, ఆర్డరు చెప్పేటప్పుడు పార్టీలు కోర్టులో ఉంటే ఒక్క నిమిషం వాళ్లకి అర్థమయ్యే ఒడియాలో చెప్పండి, ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు, మళ్లీ ఎప్పుడు రావాలి అని. ఇంగ్లీషు రాని పార్టీ అడిగితే కోర్టు భాషలో అనువాదం ఇవ్వాలని సెక్షన్ 137లోనే ఉంది, ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్క కోర్టు గోడమీదా నేను చూడలేదు. ఆర్డరు ఆ సాయంత్రానికే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ఎక్కిస్తే విశాఖలో పనిచేసుకుంటున్న కొడుకు ఫోన్లో కేసుకిచ్చిన సి.ఎన్.ఆర్. నంబరు కొట్టి చదివి, ఇంట్లో ఉన్న తల్లికి తెలుగులో చెప్పుకుంటాడు. అది కూడా వారం పది రోజులు ఆగితే ఊళ్లో పుకార్లే ఆర్డర్లవుతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా, మీ బెంచి గుమాస్తాని పిలిచి, ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ ఇచ్చి 30 రోజులు దాటిన ఐ.ఏ.ల జాబితా ఒకటి తీయించండి. అందులో రూల్ 3 ప్రకారం నకళ్లు పంపిన అఫిడవిట్ ఏయే ఫైళ్లలో లేదో పక్కన టిక్కు పెట్టించండి. దసరా సెలవుల్లోపు ఆ టిక్కు పెట్టినవన్నీ వాదనకి పోస్ట్ చేసి, ఇరువైపులా విని, ఉంచితే ఎందుకుంచారో, తీసేస్తే ఎందుకు తీసేశారో అరపేజీ చొప్పున రాయండి. కాగితాలు తెలుగులో ఉన్న ఫైళ్లు ముందు తీయండి, అవే ఎక్కువ కాలంగా పడి ఉన్నాయి. చదివి పెట్టడానికి మనుషులు కావాలంటే మా గుమాస్తాలం నలుగురైదుగురం ఉన్నాం, రెండు పక్షాలూ ఒప్పుకుంటే రూపాయి తీసుకోకుండా మీ ముందే కూర్చుని చదువుతాం.

ఇట్లు,
గజపతి జిల్లా నుంచి ఒక ప్లీడరు గుమాస్తా